10 లక్షలతో టీ ఫ్రాంచైజీనా, సొంత టిఫిన్ సెంటరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చేతిలో 10 లక్షలున్నాయి, చిత్తూరులో కట్టమంచి వైపు ఒక గది చూసుకున్నారు. ఒక టీ కంపెనీ ఫ్రాంచైజీ, అంటే డబ్బు కడితే వాళ్ళ పేరుతో షాపు పెట్టుకునే హక్కు, ఇస్తానంటోంది. ఇంట్లోవాళ్ళేమో మన టిఫిన్ సెంటరే పెట్టుకుందాం అంటున్నారు. నేను రెండూ చేశాను కాబట్టి చెబుతున్నా. తిరుపతిలో 2019 నుంచి మూడేళ్ళు టీ ఫ్రాంచైజీ నడిపాను, ఇప్పుడు సొంత టిఫిన్ సెంటర్. ఆ కంపెనీ పేరు మాత్రం అడగొద్దు.

నా షాపు యూనివర్సిటీ వైపు, హాస్టళ్ళున్న సందులో. మొదటి రెండు నెలలు బోర్డు చూసి జనం వచ్చారు, కాదనను. మూడో నెల నుంచి రోజూ అవే మొహాలు. వాళ్ళు బోర్డు కోసం రావడం లేదు, పలమనేరు నుంచి వచ్చిన మా టీ మాస్టర్ కోసం వస్తున్నారు. అతను చెల్లెలి పెళ్ళని పది రోజులు ఊరికి పోయినప్పుడు తెలిసొచ్చింది. అదే పొడి, అదే కొలత, అదే బోర్డు. గల్లాలో మాత్రం సగమే.

మా బావమరిదిది దీనికి తలకిందులు. రైల్వే స్టేషన్ దగ్గర ఐస్‌క్రీమ్ ఫ్రాంచైజీ తీసుకున్నాడు, బాగా నడుస్తోంది. అక్కడికి వచ్చేది వేలూరు వాళ్ళు, హోసూరు వాళ్ళు, కొండ దిగి రైలెక్కేవాళ్ళు. ఊళ్ళో ఎవరి దగ్గర ఏం బాగుంటుందో వాళ్ళకేం తెలుసు? తెలిసిన పేరు కనపడితే ఆగుతారు. గుండుకి గంధం పూసుకున్న చంటివాడు కూడా ఆ బోర్డు చూపించి ఏడుస్తాడు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో అయితే మా బావమరిదికి అన్నం తినే తీరిక ఉండదు. అక్కడ పేరుకి డబ్బు కట్టడంలో అర్థముంది, రేపు మళ్ళీ రాని మనిషిని ఆపేది ఆ పేరే. కట్టమంచిలో మీ గది ముందు నుంచి పోయేదెవరు? నాకు తెలిసి రోజూ అదే దారిన పోయే ఊరివాళ్ళు. వాళ్ళకి మీ పేరు తెలియడానికి మూడు నెలలు చాలు, రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కంపెనీకి నెలనెలా కట్టే డబ్బు, మాత్రం అగ్రిమెంటు అయిపోయేదాకా కడుతూనే ఉండాలి.

ఆ రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. నా లెక్కే చెబుతా. నెలకి 3 లక్షల అమ్మకం మీద 6 శాతం అంటే 18,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,240. మనలాగా 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ (ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి ఆ 3,240 కూడా పోయినట్టే. టీ పొడి వాళ్ళ దగ్గరే కొనాలి. బయటి కంటే కిలోకి 150 ఎక్కువ, నెలకి 45 కిలోలు పట్టేది. మొత్తం కలిపితే 28,000 దగ్గర. అద్దె ఇంకా కట్టనే లేదు!

అగ్రిమెంటు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి కనీసం 14 రోజుల ముందు తన వివరాలన్నీ కాగితం మీద పెట్టి ఇవ్వాలి. మన దగ్గర ఫ్రాంచైజీలకంటూ వేరే చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, మీరు పెట్టిన సంతకం, అంతే. నా అగ్రిమెంటులో ఎంత దూరంలోపు ఇంకో షాపు ఇవ్వకూడదన్న మాట లేదు. ఏడాది తిరక్కముందే కిలోమీటరు లోపల అదే బోర్డు వెలిగింది. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, షట్టర్ దించేశాను. అయినా నెలనెలా కనీస రాయల్టీ అంటూ ఫోన్లు. ఆ రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఒప్పందం ముగిశాక రెండేళ్ళు ఊళ్ళో టీ షాపు పెట్టకూడదని కూడా అందులో ఉంది. భయపడి టిఫిన్‌లోకి మారాను. తర్వాత లాయరు నవ్వాడు, ఆ కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 27 ప్రకారం ఒప్పందం అయిపోయాక అలాంటి షరతు మామూలుగా నిలబడదట. సరే, ఆ భయం పుణ్యమా అని దోసెలు నేర్చుకున్నా.

సొంతం అంటే సుఖమనుకోకండి. మొదటి ఆరు నెలల్లో ముగ్గురు మాస్టర్లు మారారు. ఒకడు అడ్వాన్స్ తీసుకుని ఫోన్ స్విచాఫ్ చేశాడు. ఏప్రిల్ ఎండకి పిండి పులిసి రెండు బకెట్లు కాలవలో పోశాను. అప్పుడు నిలబడ్డానంటే కంపెనీ వాళ్ళు నేర్పిన పని వల్లే. లీటరు పాలకి ఎన్ని కప్పులు రావాలో, రాత్రి మిగిలింది తూచి ఎలా రాయాలో అక్కడే తెలిసింది. ఆ చదువుకి మూడేళ్ళ ఫీజు కట్టాననుకుంటా. మీకు హోటల్ పని బొత్తిగా తెలియకపోతే, ఏదైనా మంచి టిఫిన్ సెంటర్‌లో మూడు నెలలు జీతానికి చేరండి. సిగ్గేమీ లేదు.

ఇంకా ఫ్రాంచైజీ మీదే మనసుంటే, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ కంపెనీ షాపుల్లో పెట్టి రెండేళ్ళు దాటినవి మూడు చూడండి. కంపెనీ చూపించినవి వద్దు, మీరు వెతుక్కున్నవి. మధ్యాహ్నం రష్ తగ్గాక పోయి టీ తాగి, ఓనరుతో మాట కలిపి, పొడి బిల్లు ఒకటి చూపించమనండి. ఏది పెట్టినా 10 లక్షలూ గదిలో పోసేయొద్దు, ఆరు నెలల అద్దె, జీతాలు పక్కన ఉంచుకోండి.