పెరట్లో కోసుకునే పూల కోసం మేం పడిన అగచాట్లు

తిరుపతిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం, వెనక సెంటున్నర ఖాళీ ఉంది, పూజకీ హాల్లో సీసాలో పెట్టుకోడానికీ ఏడాది పొడుగునా పూలు రావాలి, ఏ మొక్కలు కొనమంటారు అని అడిగారు గదా. మాదీ ఇంచుమించు అంతే జాగా, కపిలతీర్థం పక్క కొండ కింద ఇల్లు, 2019 నుంచి దాంతోనే కుస్తీ పడతా ఉన్నా. ముందు ఒక మాట, ఈ నెల్లోనే నర్సరీకి పోయి ఆటో నిండా మొక్కలు తెచ్చేయకండి. నేనదే చేశా. ఏప్రిల్లో పోయి విరగబూసిన గులాబీలు, జెర్బెరాలు, పేరు కూడా తెలీని రంగురంగుల కవర్లన్నీ ఏరుకోనొచ్చా, మే ఎండకి సగానికి పైగా మాడిపోయాయి. డబ్బులు పోతే పోయాయి, అత్తమ్మ మాటలు పడలేకపోయా.

ఇంకోటి, మా నేల అంతా రాళ్ళు. గడ్డపార వేస్తే ఖంగుమనడం తప్ప దిగేది కాదు. మా ఆయన గుమ్మంలో కూర్చుని కాఫీ తాగతా, "అనంతాళ్వార్ గారి గునపం తిరుమల గుడి మహాద్వారంలో తగిలించినారు, నీది మన గేటుకి తగిలిద్దాం" అని ఎగతాళి. (కొండ మీద స్వామి పూలతోట కోసం ఆ భక్తుడు అనంతాళ్వార్ చెరువు తవ్విన కథ తెలుసు గదా, ఆయనకైనా భార్య మన్ను మోసి సాయం చేసిందిలే, నాకు అదీ లేదు.) చివరికి కూలీని పెట్టి అడుగున్నర తవ్వించి, చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపాం. మొక్కల కన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది దీని మీదే.

అది కూడా ఒక్కసారికి కుదరలా. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి గదా, తిరుపతి వీధులన్నీ ఏరులైనప్పుడు, మా చామంతులు సరిగ్గా మొగ్గ మీద ఉన్నాయి, మూడు రోజులు నీళ్ళలో నిలబడి వేర్లు కుళ్ళిపోయాయి. పట్టుకుంటే చాలు మొక్క మొక్కే చేతిలోకి వచ్చేసేది. అప్పట్నుంచి మళ్ళన్నీ జానెడు ఎత్తు లేపినా. మన పక్క పెద్దవానలు పడేది అక్టోబరు నవంబర్లోనే, చామంతి పూతకొచ్చేదీ అప్పుడే, కాబట్టి ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇంక అసలు తమాషా 2022లో. చామంతి రెండు వరసలు పెట్టా, ఒకే పిలకలు, ఒకే రోజు నాటినవి, ఒకే రోజు చివర్లు తుంచినవి. ఇంటి వైపు వరస డిసెంబర్లో పసుప్పచ్చగా విరగబూసింది, ప్రహరీ పక్క వరస మాత్రం ఏపుగా నడుం ఎత్తు పెరిగి ఒక్కటంటే ఒక్క మొగ్గ లేదు. నేనేమో బలం చాల్లేదనుకుని చెనక్కాయ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు పోస్తా ఉన్నా, ఆకులు ఇంకా పెద్దవయ్యాయి గానీ మొగ్గ రాలా. మా వీధిలో పూలమ్మే అక్క ఒకామె ఉంది, పలమనేరు వైపు మనిషి, ఒకరోజు సందేళ లైట్లు వెలిగే టైంకి వచ్చి చూసి ఫక్కున నవ్వింది. "ఆ వీధిలైటు చూడు తల్లీ, దానికి రాత్రి యాడ అయితా ఉంది?" అంది. నిజమే, కొత్తగా వేసిన తెల్ల లైటు సరిగ్గా ఆ వరస మీదే పడతా ఉంది. చామంతికి పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే మొగ్గ పడుతుందంట, కోలారు పక్క రైతులు పూత వెనక్కి జరపాలంటే కావాలనే తోటల్లో రాత్రిపూట బల్బులు వేస్తారంట. నేను ఉచితంగా మునిసిపాలిటీ లైటుతో అదే చేసినా! ఆ పక్కకి గులాబీలూ లిల్లీలూ (అదే, నేలసంపెంగ) మార్చేశా, వాటికి లైటుతో పేచీ లేదు.

అందుకే ఒక ఏడాది జాగాని గమనించండి అంటా. ఎండ ఎంతసేపు, నీళ్ళు యాడ నిలుస్తాయి, రాత్రి వెలుతురు యాడ పడతాది. ఈలోగా ఊరికే ఉండక్కర్లేదు, జినియా విత్తనాలు చల్లుకోండి, చవక, రెండు నెలల్లోపే పూస్తాయి, కోసేకొద్దీ పక్క కొమ్మలు వేస్తాయి. అంతా ఒకేసారి చల్లకుండా మూడు వారాలకో వరస వేస్తే పూలు తెగకుండా వస్తాయి. వానాకాలం ఆకుల మీద తెల్ల బూడిద పడతాది, అప్పుడు పీకేయడమే. బంతి దసరాకి కావాలంటే జులైలో నారు పోయాలి. మల్లెకి ధనుర్మాసంలో నీళ్ళు ఆపి కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరేసరికి పూత. మే నెలలో మాత్రం మల్లెలు, రెండు జినియాలు తప్ప ఏమీ ఆశపడకండి.

కోతలో కూడా కిటుకులుండాయి. జినియా కాడ పూవుకి కొంచెం కింద పట్టుకుని ఊపి చూడండి, మెడ వేలాడితే ఇంకా కాలేదు, కర్రలా నిలబడితే కోయొచ్చు. లిల్లీ కాడలో కింది రెండు పూలు విచ్చినప్పుడు కోస్తే మిగతావి సీసాలో విచ్చుకుంటాయి. ఎండ రాకముందే బకెట్లో నీళ్ళు పట్టుకుని పోయి కోయాలి, నీళ్ళలో మునిగే ఆకులు గిల్లేయాలి, రోజూ నీళ్ళు మార్చాలి.

మా అత్తమ్మకి మాత్రం కాడతో కోయడం అంటే మంట. పూజకి తలలు మాత్రం తుంచుతుంది, నేను లేచేసరికి నా మడిలో మొండి కాడలు. "సీసాలో పెట్టి ఎవరికి చూపిస్తావే, కొండ మీద ఒక్క పువ్వైనా మనం తల్లో పెట్టుకుంటామా, అన్నీ స్వామికే గదా" అంటుంది. ఇది కొండ కాదు అత్తమ్మా, కొండ కింద, అంటే వినదు. ఆఖరికి పంచుకున్నాం, కొళాయి పక్క కనకాంబరాలు, మల్లె, నందివర్ధనం ఆమెవి, మిగతాది నాది. కోతులకి ఈ పంపకాలేం తెలీవు, గులాబీ మొగ్గలూ మందారాలూ ఎవరివైనా తింటాయి.

లిల్లీ దుంపలు మాత్రం కొనకండి. మా మడి వేసి మూడేళ్ళయింది, మార్చిలో తవ్వి విడదీయాలి, గంపెడు వస్తాయి. ఒంటి రెక్కవే, వాసన బాగుంటాయి. ఒక బకెట్ మీకు తీసిపెడతా.