ఆ లోపలి గది తలుపు తీయండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా కొడుక్కి 24 ఏండ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు అన్నారు. నాలుగేండ్లుగా మందులు వాడుతున్నాం. చెవుల్లో మాటలు వినబడటం తగ్గింది. కానీ ఎవరితో మాట్లాడడు, తల ఎత్తడు. చుట్టాలొస్తే తట్టుకోలేడని మేమే లోపలి గదిలోకి పొమ్మంటాం. పెళ్లి చేస్తే హుషారవుతాడని మా ఆడబిడ్డ అంటోంది. చేయమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. పెళ్లి మందు కాదు. జబ్బు సంగతి దాచి ఒకరి బిడ్డను తెచ్చుకుంటే మోసం కూడా. చెప్పి చేసుకునే రోజు వస్తే అడగాల్సింది మీ కొడుకుని, ఆడబిడ్డను కాదు.

మీ ఉత్తరంలో నా మనసు కలుక్కుమన్నది "మేమే పొమ్మంటాం" అన్న చోట. తట్టుకోలేనిది అతనా, మీరా? వాకిట్లో చెప్పుల చప్పుడైతే లేచి లోపలికి పోవడం నాలుగేండ్లు అలవాటైన పిల్లాడు తల ఎలా ఎత్తుతాడు? చుట్టాలు ఒక్క మాట అనకముందే, నలుగురిలో కూర్చోదగినవాడివి కాదని సొంత ఇల్లే చెప్పేసింది. ప్రేమతోనే చేశారు. అయినా తప్పే.

ముభావంగా ఉండటం ఈ జబ్బులో భాగం, బద్ధకం కాదు. వినబడే మాటలకు పనిచేసినంతగా మందులు దీనికి పనిచేయవు. మాట మళ్లీ నేర్పాలి. ఇంట్లో మీరే కిరాణం శేటు అవండి. "అన్నా, అర్ధ కిలో చక్కెర ఇయ్యి" అని మొహం చూసి అడగమనండి. నాలుగైదుసార్లు. "ఇయ్యాల గొంతు మంచిగొచ్చింది బిడ్డా" అని అప్పటికప్పుడే చెప్పండి. తర్వాత నిజం దుకాణానికి పంపండి. వెంట వెళ్లినా అతని బదులు మీరు అడగొద్దు. మీకు కష్టమయ్యేది ఇదే.

"ఏం చేస్తున్నవ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ జవాబూ ముందే అనిపించి చూడండి: "పానం బాగలేక చదువు ఆపిన. ఇప్పుడు బాపుతోని పొలం చూస్కుంటున్న." అది నిజం కావాలంటే మడికి నీళ్లు పెట్టే పని అతనికే అప్పగించి, కూలీకిచ్చే పైసలు అతని చేతికే ఇవ్వాలి.

మందులు మీ అంతట మీరు ఆపొద్దు. మగతగా, నాలుక మొద్దుగా ఉంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు చూస్తారు. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఈసారి మీ ఆడబిడ్డ వచ్చినప్పుడు చాయ్ అతని చేతనే ఇప్పించండి. పది నిమిషాలు కూర్చుని లేచిపోతానంటే పోనీయండి. మీరు మాత్రం పొమ్మనకండి.