స్పేసర్లు బిగించే ముందు

విజయనగరం

చిరంజీవి బాబుకి మావయ్య ఆశీస్సులు.

స్విఫ్ట్‌కి అలాయ్ వీల్స్ కొన్నావని, వాటి వెనక 10 ఎం.ఎం. స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి మధ్యలో పెట్టే లోహపు బిళ్లలు) కూడా వేయిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. షాపుకి వెళ్లేలోపు ఇది చదువు.

కొన్నేళ్ల కిందట రణస్థలం దగ్గర హైవే మీద ఒక కారు ముందు చక్రం ఊడిపోతే నన్ను పిలిచారు. స్పేసర్ వేసినవాడు పాత స్టడ్లకే, అంటే నట్లు ఎక్కే మరచీలలకే, నట్లు తిప్పేశాడు. చక్రం ఆనుకునే హబ్ మీద తుప్పు పెళ్లలు అలాగే ఉన్నాయి. మనుషులకి ఏమీ కాలేదు గానీ, దొర్లిపోయిన ఆ చక్రం దారిలో ఎవరికైనా తగిలుంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నీ బండి స్టడ్ 12 ఎం.ఎం. లావు. నట్టు ఒక్క చుట్టు తిరిగితే 1.25 ఎం.ఎం. లోపలికి వెళ్తుంది. కనీసం పది చుట్లు పట్టాలి. 10 ఎం.ఎం. స్పేసర్ మధ్యలో పెట్టావంటే ఎనిమిది చుట్లు అక్కడే పోయాయి! పొడుగు స్టడ్లు మార్పించకుండా అది వేయొద్దు. సొంత స్టడ్లున్న రకం స్పేసర్ కావాలంటే 20 ఎం.ఎం. దాకా మందం ఉండాలి. అప్పుడు చక్రం మరీ బయటికొస్తుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది.

అసలు నా మాట వింటే స్పేసర్లు తిరిగి ఇచ్చేయ్. వీల్ హబ్‌కి ఆనుకునే ముఖం వీల్ నడిమధ్య నుంచి ఎన్ని ఎం.ఎం. బయటివైపు ఉందో ఆ లెక్కే ఆఫ్‌సెట్; అది తగ్గితే చక్రం బయటికొస్తుంది. 45 ఆఫ్‌సెట్ వీల్‌కి 10 ఎం.ఎం. స్పేసర్ వేసినా, 35 ఆఫ్‌సెట్ వీల్ నేరుగా బిగించినా చక్రం ఒకే చోట నిలుస్తుంది. అలాంటప్పుడు మధ్యలో ఇంకో ముక్క ఎందుకు?

వీల్ బోల్ట్ కొలత 4×100 (100 ఎం.ఎం. వలయం మీద నాలుగు రంధ్రాలు) అవునో కాదో చూడు. మధ్య రంధ్రం హబ్‌కి, అంటే 54.1 ఎం.ఎం.కి, సరిగ్గా పట్టాలి. బయట దొరికే వీల్స్‌కి అది తరచూ పెద్దగా ఉంటుంది, ఆ ఖాళీ నింపే రింగు వేయించు. లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. నట్టు ఆనే అంచు ఏటవాలు కూడా వీల్ గుంటకి సరిపోవాలి.

నట్లు వీల్‌ని హబ్‌కి గట్టిగా అదిమితేనే ఆ రాపిడి బరువు మోస్తుంది. మధ్యలో తుప్పు, రంగు ఉంటే అది నలిగిపోయి నట్టు వదులవుతుంది. మీ కళింగపట్నం ఉప్పుగాలికి హబ్ తుప్పు పట్టకుండా ఉండదు. వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకించు. స్టడ్లకి గ్రీజు, ఆయిల్ రాయనివ్వకు.

నట్లు ముందు చేత్తోనే ఎక్కించాలి. తర్వాత ఎదురెదురుగా బిగించి, జాకీ దించాక, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బండి పుస్తకంలో ఉన్న లెక్కకి ఆపాలి. ఎయిర్ గన్‌తో ముగించేస్తే ఒప్పుకోకు. 80-100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారాక మళ్లీ చూసుకో. నలుగురిని ఎక్కించి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పు, టైరు ఎక్కడా రాసుకోకూడదు. మార్పు సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి ఇవ్వు.

నా టార్క్ రెంచ్ ఇంట్లోనే ఉంది. ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని వచ్చేయ్. అత్తయ్య భోజనం వండేలోపు నాలుగు చక్రాలూ ఇద్దరం కలిసి బిగిద్దాం.

మీ మావయ్య