ముబారిజ్ ఖాన్‌కు నిజాం వారసుడా?

సందేహం: హైదరాబాదు పాలకుల వరుస మీద మా కళాశాల సంచికకు వచ్చిన వ్యాసంలో ఈ మూడు వాక్యాలున్నాయి. ‘ముబారిజ్ ఖాన్ వారసుడిగా నిజాం ఉల్ ముల్క్ గవర్నరయ్యాడు.’ ‘జె.ఎన్. చౌదరి వారసుడిగా వెల్లోడి గవర్నరు గద్దెనెక్కాడు.’ ‘ఉస్మాన్ అలీఖాన్ 1956 దాకా గవర్నరుగా కొనసాగారు.’ మొగలాయిల కాలం నుంచి నేటిదాకా అందరినీ గవర్నర్లు అనవచ్చా? ఒక పదవిలో తర్వాత వచ్చినవారిని వారసులు అనడం సరైనదేనా?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: మూడు వాక్యాలూ దిద్దవలసినవే. అయితే మూడింటిలోని తప్పూ ఒకటి కాదు.

ముందు వారసుడి సంగతి చూద్దాం. వారసుడంటే హక్కు మీద వచ్చేవాడు. ఆస్తికి వారసులుంటారు, సింహాసనానికి వారసులుంటారు. తహసీల్దారు బదిలీ అయితే ఆ కుర్చీలోకి వచ్చినాయనను పాత తహసీల్దారుకు వారసుడని ఊళ్లో ఎవరూ అనరు. ‘ఆయన స్థానంలో ఫలానాయన వచ్చాడు’ అంటారు. పైవాళ్లు నియమించి, పైవాళ్లే తీసేసే పదవులన్నిటికీ ఇదే మాట చెల్లుతుంది. ఇంగ్లీషు పుస్తకాల నుంచి జాబితాలు దించుకునేటప్పుడు ‘సక్సెసర్’ అన్న మాటకు బదులుగా ‘వారసుడు’ చొరబడుతుంటాడు.

మొదటి వాక్యంలో ఇది మరీ వికటించింది. 1724 అక్టోబరులో బెరారులోని షకర్‌ఖేడా దగ్గర నిజాం ఉల్ ముల్క్‌తో జరిగిన యుద్ధంలోనే ముబారిజ్ ఖాన్ ప్రాణాలు పోయాయి. చంపించినవాణ్ణి చచ్చినవాడికి వారసుణ్ణి చేసింది వ్యాసం! ‘ముబారిజ్ ఖాన్‌ను షకర్‌ఖేడా యుద్ధంలో ఓడించి నిజాం ఉల్ ముల్క్ హైదరాబాదు సుబాను చేజిక్కించుకున్నాడు’ అని రాస్తే సరిపోతుంది. సుబా అంటే మొగలు సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం, దాని పాలకుడు సుబేదారు. బాదుషా మహమ్మద్ షా సమ్మతి, దాంతోపాటు ఆసఫ్‌జా బిరుదు ఆ తర్వాత 1725లో వచ్చాయి. ముందు గెలుపు, వెనక ఫర్మానా. వాక్యంలోనూ అదే వరుస ఉండాలి.

అదే వాక్యంలో ‘గవర్నరు’ అనే మాట ఇంకో విషయాన్ని మరుగుపరిచింది. ముబారిజ్ ఖాన్ సుబేదారుగా ఏలింది హైదరాబాదు ఒక్క సుబానే. నిజాం ఉల్ ముల్క్ చేతికి వచ్చింది దక్కను ఆరు సుబాల సుబేదారీ. ఇద్దరినీ గవర్నర్లంటే ఎవరి కింద ఎవరో చదివేవారికి తెలియదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనప్పటి నుంచి 1724 వరకు హైదరాబాదుకు వచ్చినవారిని సుబేదారులనే రాయండి. మొదటిసారి వాడినప్పుడు పక్కన ‘మొగలు చక్రవర్తి నియమించిన సుబా పాలకుడు’ అని ఒక్క ముక్క చేర్చితే చాలు. మొగలు అధికారులను ఎదిరించిన సర్వాయి పాపన్న కథ తెలిసినవారికి అప్పటి ఇద్దరు అధికారుల పేర్లు కొత్త కాదు. పాపన్న ఉన్న షాపురం కోట మీదికి వెళ్లిన రుస్తుం దిల్ ఖాన్ ఒకడు. 1710లో పాపన్న పట్టుబడి చనిపోయేనాటికి సుబేదారుగా ఉన్న యూసుఫ్ ఖాన్ ఇంకొకడు. రుస్తుం దిల్ ఖాన్ అంతకుముందు సుబేదారైన జాన్ సిపార్ ఖాన్ కొడుకే. అలాగని ఇక్కడైనా వారసుడు అనకూడదు. సుబా షాజాదా కాంబక్ష్ పేర ఉంటే, ఈయన బాదుషా ఉత్తర్వు మీద నాయబుగా, అంటే సుబేదారు ప్రతినిధిగా, పాలన నడిపాడు. తండ్రి తర్వాత కొడుకు రావడం వేరు, తండ్రి హక్కు కొడుక్కి రావడం వేరు.

సుబేదారు అన్న మాటతోనూ ఒక చిక్కుంది, అది మీ ఊళ్లోనే ఉంది. హనుమకొండలోని సుబేదారి అనే ప్రాంతానికి ఆ పేరు తెచ్చిన సుబేదారు మొగలాయిల మనిషి కాదు. నిజాం రాజ్యాన్ని కొన్ని సుబాలుగా విడదీసి, ఒక్కో సుబాలో కొన్ని జిల్లాలు ఉంచి, పైన ఒక సుబేదారును పెట్టినప్పటి మాట అది. ఆయన నిజాం కింది ఉద్యోగి. ఆయన కింద జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అంటే ఇప్పటి కలెక్టరు వంటివాడు. ఇక నేటి సైన్యంలో సుబేదారు, నాయబ్ సుబేదారు హోదాల పేర్లు. కాబట్టి ‘మొగలు సుబేదారు’, ‘వరంగల్లు సుబా సుబేదారు’ అని ముందు ఒక మాట తగిలించక తప్పదు. కలెక్టరు మీది అధికారిని గవర్నరు అని రాసిన వ్యాసాలు కూడా ఉన్నాయి. అది పొరపాటు.

1724 తర్వాతి వరుసలో మాత్రం వారసుడు నిక్షేపంగా వాడవచ్చు. ఆసఫ్‌జాహీలు పేరుకు ఢిల్లీ బాదుషా సుబేదారులు. 1857 దాకా హైదరాబాదు నాణేల మీద మొగలు బాదుషా పేరే ఉండేది. ఆచరణలో మాత్రం కుటుంబ పాలన. అందుకే 1748లో మొదటి నిజాం పోగానే కొడుకు నాసిర్ జంగ్‌కూ, మనవడు ముజఫర్ జంగ్‌కూ మధ్య జరిగినదాన్ని ‘వారసత్వ పోరు’ అంటే అతికినట్టుంటుంది. ఇక్కడ లెక్క తప్పేవాళ్లు చాలామంది. ‘ఏడుగురు నిజాములు’ అంటూ వరుసగా పేర్లు రాసుకుంటూ పోతే మొదటి నిజాం తర్వాత రెండో నిజాం 1762లో కనిపిస్తాడు. మధ్య పద్నాలుగేళ్లు ఖాళీ కాదు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ఏలారు. ఆసఫ్‌జా బిరుదు లేనందువల్ల వీరిని నిజాముల లెక్కలో చేర్చరు. ‘ఏడుగురు నిజాములు, పదిమంది ఆసఫ్‌జాహీ పాలకులు’ అని రాస్తే రెండు లెక్కలూ నిలుస్తాయి.

రెండో వాక్యానికి వద్దాం. 1948 సెప్టెంబరులో సైనిక చర్య ముగిశాక మేజర్ జనరల్ చౌదరి మిలిటరీ గవర్నరుగా వచ్చారు. తెలుగులో సైనిక గవర్నరు అన్నా సరే, కానీ ‘సైనిక’ను వదిలేయకూడదు. అప్పటికి నిజాం ఇంకా నిజామే. పాలనాధికారం చౌదరికి అప్పగిస్తున్నట్టు ఫర్మానా వెలువడింది కూడా నిజాం పేరుతోనే. ఇక 1949 డిసెంబరులో పాలన అందుకున్న ఎం.కె. వెల్లోడి గవర్నరు కానే కారు. ఐ.సి.ఎస్. అధికారి. కేంద్రం ఆయన్ని ప్రభుత్వాధినేతగా పెట్టింది, 1950 జనవరి 26 నుంచి ముఖ్యమంత్రి. ఎన్నికై వచ్చిన తొలి ముఖ్యమంత్రి 1952లో బూర్గుల రామకృష్ణారావు. ‘సైనిక పాలన ముగిసి, వెల్లోడి నాయకత్వాన పౌర ప్రభుత్వం ఏర్పడింది’ అంటే వాక్యం నిలబడుతుంది.

ఈ వాక్యంలోనే ‘గద్దెనెక్కాడు’ అని ఉంది. గద్దె నిజాములకు. గవర్నర్లు, ముఖ్యమంత్రులు పదవి చేపడతారు, బాధ్యతలు స్వీకరిస్తారు. పత్రికలు ముఖ్యమంత్రుల్ని గద్దెనెక్కించడం వెటకారానికైతే బాగుంటుంది, చరిత్ర వ్యాసానికి కాదు. ఇంకొకటి: గవర్నరు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ముందు ప్రమాణం చేస్తారు, ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయిస్తారు. ‘ముఖ్యమంత్రిగా ఫలానావారిని గవర్నరు ప్రమాణ స్వీకారం చేశారు’ అని రాసేవాళ్లు ఈ ‘చేత, చేయించారు’ల జంటను మింగేస్తున్నారు.

మూడో వాక్యంలో పదవి పేరే తప్పు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్. అప్పటి రాజ్యాంగంలో ‘ఎ’ భాగం రాష్ట్రాలకు గవర్నర్లు, సంస్థానాల నుంచి ఏర్పడ్డ ‘బి’ భాగం రాష్ట్రాలకు రాజప్రముఖులు. పని ఇంచుమించు ఒకటే, పేరూ హోదా వేరు. ఆ చివరి రోజున తెలుగునేల మీద మూడు పేర్లూ ఒకేసారి ఉన్నాయి. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రానికి గవర్నరు త్రివేది, హైదరాబాదులో రాజప్రముఖ్ నిజాం, ఫ్రెంచివారి నుంచి రెండేళ్ల కిందట చేతులు మారిన పుదుచ్చేరి పాలనలోని యానాం మీద చీఫ్ కమిషనరు. మర్నాడు రాజ్యాంగ ఏడో సవరణతో రాజప్రముఖ్ పదవి దేశమంతటా పోయింది. నిజాం మనవడు ముకర్రం జా 1967లో వారసుడయ్యారన్నది నిజమే. అది బిరుదుకూ ఆస్తికీ వారసత్వం. ఆ బిరుదుకు, రాజభరణానికి ఇస్తూ వచ్చిన గుర్తింపు 1971లో రద్దయింది.

చందూలాల్ త్రివేది పేరు దగ్గర ఒక మామూలు పొరపాటు. ‘1953లో ఆంధ్రప్రదేశ్ తొలి గవర్నరయ్యారు’ అంటారు. 1953 అక్టోబరు 1న ఆయన పదవి చేపట్టింది ఆంధ్రరాష్ట్రానికి. ఆంధ్రప్రదేశ్ గవర్నరు కావడం 1956 నవంబరు 1న. మనిషి ఒకరే, జాబితాలు రెండు.

పదవి ఖాళీ పడ్డప్పటి మాటలను కూడా కలగలపకండి. 1975లో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఓబుల్ రెడ్డి ‘తాత్కాలిక గవర్నరు’. 2024 మార్చిలో జార్ఖండ్ గవర్నరు సి.పి. రాధాకృష్ణన్ తెలంగాణకు వహించింది ‘అదనపు బాధ్యత’. పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరును ‘ఉప గవర్నరు’ అని అనువదించకూడదు. ఆయన మీద ఇంకో గవర్నరు లేరు. ఆ హోదాను ఉన్నదున్నట్టుగా లెఫ్టినెంట్ గవర్నరనే ఉంచడం మేలు.

చివరగా గవర్నరు నరసింహన్ సంగతి. 2009 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్‌కు అదనపు బాధ్యతగా వచ్చి, 2010 జనవరిలో పూర్తిస్థాయి గవర్నరయ్యారు. 2014 జూన్ 1 దాకా ఆయన ‘ఉమ్మడి రాష్ట్ర గవర్నరు’, జూన్ 2 నుంచి ‘రెండు రాష్ట్రాల ఉమ్మడి గవర్నరు’. మొదటిచోట ఉమ్మడి రాష్ట్రానికి విశేషణం, రెండోచోట గవర్నరుకు. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఆయనకు 2019 జులై దాకా ఒకే వరుస వేయండి. తెలంగాణ జాబితాలో తొలి వరుస ఆయనదే, 2014 జూన్ 2 నుంచి 2019 సెప్టెంబరు దాకా.