ఎర్త్ పిన్ను మాత్రం విరచొద్దు పాపా

పాపా,

అనంతపురం లలితకళా పరిషత్‌లో నువ్వొక్కదానివే సింతసైజర్, అదే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు, వాయిస్తున్నావనీ, దాన్ని గిటార్ పెడళ్లలోంచి, అంటే శబ్దాన్ని మార్చే ఆ కాలి డబ్బాల్లోంచి, పంపుతున్నావనీ మీ నాయన చెప్పాడు. అప్పటినుంచీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తున్నా. రాత్రయితే మాత్రం స్టేజీ మీది వైర్లు గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు.

పెడళ్లన్నీ ఒకే పలక మీద బిగించు. కేబుళ్లు రెండు ఎక్కువే పెట్టుకో. ముందు శబ్దాన్ని గరుకు చేసే డిస్టార్షన్, తర్వాత చిక్కగా చేసే కోరస్, మళ్లీ మళ్లీ వినిపించే డిలే, చివర్న పెద్ద హాల్లో మోగినట్టు చేసే రివర్బ్. నచ్చకపోతే మార్చుకో, నీ చెవి ఇష్టం.

సింత్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే బలమైన సిగ్నల్. ఆ పెడళ్లు చాలావరకు గిటార్ ఇచ్చే సన్నటి సిగ్నల్ కోసం చేసినవి. వాల్యూమ్ ఫుల్లుగా పెడితే మొదటి పెడల్‌లోనే సౌండ్ పగిలిపోతుంది. కింది స్వరం ఒకటి నొక్కి పట్టుకుని మెల్లగా పెంచు, పగలడం మొదలయ్యే చోటికి కాస్త ముందే ఆపు. సింత్ ఫిల్టర్‌లో రెసొనెన్స్, అదే ఒక్క చోట స్వరాన్ని ఉబ్బించే నాబ్, పెంచితే లెవెల్ ఒక్కసారిగా ఎగురుతుంది, అది కూడా తిప్పి చూసుకో. డిలే, రివర్బ్ రెండింటినీ వరసలో కాకుండా మిక్సర్ ఆక్స్ సెండ్ (సౌండ్‌లో కొంత పక్కకి పంపే దారి) నుంచి పంపి వేరే ఛానెల్‌లో వెనక్కి తెచ్చుకుంటే ఇంకా మంచిది. మధ్యలో పెడల్ చచ్చినా అసలు సౌండ్ ఆగదు. ఆ వెనక్కొచ్చే ఛానెల్‌లో అదే ఆక్స్ నాబ్ సున్నాలో ఉండాలి, లేదంటే కూత పెడుతుంది.

ఇక అసలు సంగతి. మైదుకూరు వైపు ఒక తిరునాళ్లలో జనరేటర్ మీద ఆర్కెస్ట్రా పెట్టారు. గిటార్ ఆంప్‌లో గుయ్‌మని ఒకటే హమ్. కమిటీ వాళ్లు తొందరపెడుతున్నారు. మిక్సర్ దగ్గరున్న అబ్బాయి కటింగ్ ప్లేయర్ తీసి ఆంప్ ప్లగ్గులోని లావు పిన్ను, అదే ఎర్త్ పిన్ను, విరిచేశాడు. హమ్ ఠక్కున ఆగింది. అందరూ శభాష్ అన్నారు. ఆంప్ లోపల ఎక్కడో కరెంటు బాడీకి లీకవుతోందని ఎవరికి తెలుసు? భూమిలోకి పోవాల్సిన కరెంటు గిటార్ తీగల మీదే కాచుకుని కూర్చుంది. కాసేపటికి గిటార్ వాయించే పిల్లోడు కోరస్ పాడదామని మైకు మీదికి వంగాడు. తీగల మీద చెయ్యి, మిక్సర్ దారిన ఎర్త్ ఉన్న మైకు జాలీకి పెదవి. అంతే, వెల్లకిలా పడ్డాడు. నేను పరుగెత్తి మెయిన్ ఆపాను. బతికాడు. పెదవి నల్లగా కమిలిపోయింది. "ఇంత చిన్న శబ్దం పోవడానికి నా కొడుకుని చంపుతారా సామీ" అని వాళ్లమ్మ అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నీ సెటప్‌లో కూడా హమ్ వస్తుంది పాపా. సింత్‌కి ఒక దారిన, మిక్సర్‌కి ఇంకో దారిన ఎర్త్ దొరికితే 50 హెర్ట్జ్ మోత మొదలవుతుంది. అన్నిటికీ కరెంటు ఒకే సాకెట్ నుంచి తీసుకో. పెడళ్లకి ఒకే అడాప్టర్ నుంచి గొలుసు లాగకుండా ఐసొలేటెడ్ పవర్ సప్లై, అంటే ఒక్కో పెడల్‌కీ విడివిడిగా కరెంటిచ్చేది, కొను, డబ్బులు నేనిస్తా. చివర్న డీఐ బాక్స్ (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. అది ఆడియో కేబుల్ ఎర్త్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. అయినా హమ్ పోకపోతే పోనీ, ఆ మోతతోనే వాయించు.

మొన్న ఫోన్లో "ఏం కాదులే పెదనాయనా" అన్నావు. ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఊరుకోను. చిన్నప్పుడు నా మిక్సర్ కింద దుప్పటి పరుచుకుని పడుకునేదానివి, పాట మారితే లేచేదానివి. ఆ చెవి నీకుంది కాబట్టే నువ్వేం వాయిస్తావోనన్న భయం నాకు రవ్వంత కూడా లేదు.

ముందురోజే కడపలో బస్సెక్కుతా. టెస్టర్, కొత్త ఎక్స్‌టెన్షన్ బోర్డు తెస్తున్నా. నీ పెడళ్ల వెనకాల వోల్టులు, మిల్లీ ఆంపులు ఎంత రాసుందో, అడాప్టర్ గుచ్చే చోట సెంటర్ నెగెటివో పాజిటివో, అన్నీ ఫోటో తీసి ఇవాళే పంపు.

మీ పెదనాయన