పద్మాసనానికి తొందరపడకు

తిరుపతి

చిరంజీవి మాధవకు పెదనాన్న ఆశీస్సులు.

ధ్యానానికి పద్మాసనం వేయబోతే ఎడమ మోకాలి లోపలివైపు గుచ్చినట్టు నొప్పి పుడుతోందని, అయినా పట్టుదలతో కొనసాగిస్తున్నానని చిత్తూరు నుంచి రాశావు. ఆ పట్టుదలను ఇవాళే విడిచిపెట్టు నాయనా. మోకాలు తలుపు బందు వంటిది, మడతపడి తెరుచుకోవడమే దాని ప్రధానమైన పని. పాదాన్ని ఎదుటి తొడపైకి తేవడానికి కావలసిన తిరుగుడు తుంటి కీలు నుంచి రావాలి. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని బిగిసిన తుంటి తిరగనప్పుడు పాదాన్ని చేతులతో లాగితే, ఆ మెలిక భారమంతా మోకాలి మీద పడుతుంది. తొడ మూలంలో మొద్దుగా లాగినట్టుంటే భయం లేదు గాని, మోకాలిలో ఏ కాస్త నొప్పి తెలిసినా వెంటనే కాలు విప్పాలి.

ప్రస్తుతానికి సుఖాసనం, అంటే మామూలుగా బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చాలు. గీత ఆరవ అధ్యాయం ధ్యానంలో శరీరం, మెడ, తల నిటారుగా, కదలకుండా ఉండాలంటుందే తప్ప పాదాలు ఎక్కడ పెట్టాలో చెప్పదు. పాత దుప్పటిని నాలుగు అంగుళాల ఎత్తు వచ్చేలా మడిచి, దాని ముందు అంచు మీద మాత్రమే కూర్చో. నడిమధ్యన కూర్చుంటే ప్రయోజనం ఉండదు. అంచు మీద కూర్చున్నప్పుడు కటి కొద్దిగా ముందుకు వాలి, నడుము తన సహజమైన వంపుతో నిలబడుతుంది, మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగుతాయి. దిగకపోతే ఇంకొక మడత వేయి. అప్పటికీ మోకాలి కింద అరచేయి దూరేంత ఖాళీ ఉంటే అక్కడ తువ్వాలు చుట్టి పెట్టు, ఎందుకంటే గాలిలో వేలాడే కాలు తొడ కండరాన్ని సడలనివ్వదు. ఆధారం పెట్టుకోవడం నామోషీ అనుకోవద్దు: యోగనరసింహస్వామి శిల్పాల్లో మోకాళ్లను చుట్టి కనిపించే యోగపట్టం కూడా ఆసనాన్ని నిలిపి ఉంచే పట్టీయే.

పాదం తిమ్మిరెక్కితే చీలమండ నేలకు ఒత్తుకుంటూ ఉండవచ్చు, కింద మెత్తని గుడ్డ వేసుకో. తిమ్మిరి పూర్తిగా వదలకుండా లేస్తే పడిపోతావు. మొదట్లో పది నిమిషాలకు మించి కూర్చోవద్దు, పైన వేసే కాలిని రోజు మార్చి రోజు మారుస్తూ ఉండు. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కిన రోజున మాత్రం మోకాళ్లు బాగా అలసి ఉంటాయి కనుక కుర్చీలోనే కూర్చుని ధ్యానం చేసుకో, తప్పేమీ లేదు.

సుఖాసనంలో అరగంట కదలకుండా ఉండగలిగినప్పుడు ఉత్తరం రాయి, అర్ధపద్మాసనం సంగతి అప్పుడు చెబుతాను. ఈలోగా నడిచేటప్పుడు కూడా ఆ నొప్పి కనిపిస్తే ఎముకల డాక్టరుకు చూపించుకో.

మీ పెదనాన్న