కారు ఏసీ మనమే బాగుచేసుకోవచ్చా, మెకానిక్‌కి ఇవ్వాలా?

మీ కారుకి ఏడేళ్లు. ఏసీ వేస్తే చల్లదనం అంతంతమాత్రం. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా "గ్యాస్ అయిపోయింది, 2,500 అవుతుంది" అన్నాడు. ఆన్‌లైన్‌లో గ్యాస్ డబ్బా, గేజ్ ఉన్న పైపు కనబడేసరికి మీరే ఎక్కించుకుందామా అని అడుగుతున్నారు.

ఆ డబ్బా కొనకండి. ఆ 2,500 కూడా ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఒక ఆదివారం పొద్దున కారు దగ్గర గంటసేపు కూర్చోండి.

నేను విజయవాడలో ఉంటాను. నా కారుకీ మా నాన్నగారి కారుకీ ఏసీ పనులు చాలావరకు ఇంటి ముందే చేసుకుంటాను. గ్యాస్ తిరిగే పైపుల జోలికి మాత్రం పోను, దానికి ఆటోనగర్ వెళ్తాను. బయటి పనులన్నీ మనవి, లోపల గ్యాస్ ఉన్నవన్నీ మెకానిక్‌వి. నేను పెట్టుకున్న లెక్క ఇదే.

అసలు గ్యాస్ "అయిపోవడం" గురించి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తోసే పంపు), కండెన్సర్ (ముందు గ్రిల్ వెనక గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే సన్నటి దారి), కూలింగ్ కాయిల్ (లోపలి గాలిని చల్లబరిచేది) చుట్టూ అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోయే మాట నిజమే, ఏడేళ్ల కారులో కొంత తగ్గి ఉండొచ్చు. కానీ ఏటా వేసవికి ముందు ఎక్కించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకేజీ ఉంది. దాన్ని పట్టుకోకుండా గ్యాస్ ఎక్కిస్తే మళ్ళీ వేసవికి అదే ఖర్చు. అసలు గ్యాస్‌కి సంబంధమే లేని కారణం కూడా అయి ఉండొచ్చు.

మా నాన్నగారి కారులో జరిగింది అదే. గుంటూరు హైవే మీద చల్లగానే ఉండేది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. ఆయన ఒక షాపులో అడిగితే గ్యాస్ తక్కువైందని ఎక్కించారు, తేడా రాలేదు, మళ్ళీ కొంచెం ఎక్కించారు. ఈ లక్షణం చెప్పగానే చూడాల్సింది కండెన్సర్ ఫ్యాన్. కారు పరుగెడుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని ఫ్యాన్ చేయాలి, అది తిరగకపోతే గ్యాస్ వేడి దిగదు, లోపలికి చల్లదనం రాదు. బానెట్ ఎత్తి ఏసీ వేయించాను, కాసేపు చూసినా ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజ్ బాగానే ఉంది, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్) మార్చి చూసినా అంతే. మోటార్ పోయింది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, నాలుగు బోల్టులు, ఒక కనెక్టర్ విప్పితే ఫ్యాన్ చేతికొచ్చింది. కొత్త మోటార్ 2,000 లోపే అయింది. తర్వాత గ్యాస్‌ని మెషిన్‌తో బయటికి తీయించి తూయిస్తే, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన బరువు కంటే వంద గ్రాములకు పైగా ఎక్కువ ఉంది. డబ్బులిచ్చి మరీ కంప్రెసర్ మీద భారం పెట్టించుకున్నట్టయింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

కాబట్టి మీరు కూడా హైవేలో ఎలా ఉంది, సిగ్నల్ దగ్గర ఎలా ఉంది గమనించండి. రిలే అనుమానమైతే ఫ్యూజ్ బాక్సులో అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడొచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫ్యాన్, బెల్టు దగ్గరికి చేతులు, చున్నీలు రానివ్వకండి. ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

గాలే తక్కువ వస్తోందా? అయితే గ్లోవ్‌బాక్స్ వెనక ఉండే ఏసీ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి దించితే చాలు. మన దుమ్ముకి అది ఏడాదికే నల్లటి అట్టలా తయారవుతుంది, కొత్తది 300 నుంచి 500. బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే పనిచేసి మిగతా స్పీడుల్లో పనిచేయకపోతే స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయినట్టు, అదీ మనం మార్చుకోగలిగిందే.

తర్వాత కండెన్సర్. ముందు గ్రిల్ లోంచి టార్చి వేసి చూడండి. వరి కోతల రోజుల్లో ఊళ్ళ మీదుగా తిరిగిన కారైతే ఊక, పురుగులు, దుమ్ము కలిసి రేకుల మధ్య పేరుకుపోయి ఉంటాయి. ఇంజన్ చల్లారాక మామూలు పైపు నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. కడిగేటప్పుడే జాయింట్ల దగ్గర, కండెన్సర్ మూలల్లో జిడ్డు మరకలున్నాయేమో చూడండి. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకేజీ ఉన్నచోట దుమ్ము తడిగా అంటుకుని కనబడుతుంది. ఆ మరక ఫొటో తీసి పెట్టుకుంటే మెకానిక్‌కి చూపించొచ్చు.

ఇక కంప్రెసర్. ఏసీ బటన్ నొక్కగానే "టక్" మని కంప్రెసర్ క్లచ్ (దాన్ని బెల్టు పుల్లీతో కలిపేది) పడాలి, పుల్లీ మధ్యలో ఉన్న పళ్ళెం తిరగాలి. కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు, వాటికి ఈ పరీక్ష చెల్లదు. క్లచ్ పడితే పది నిమిషాల తర్వాత ఇంజన్ వెనక గోడలోకి వెళ్ళే రెండు అల్యూమినియం పైపుల్లో లావుదాన్ని ముట్టుకోండి. చల్లగా ఉండి చెమట పట్టిందంటే గ్యాస్ తిరుగుతోంది. సన్నది వెచ్చగానే ఉంటుంది. క్లచ్ అసలు పడకపోతే ఫ్యూజ్, రిలే చూడండి. అవి బాగుంటే గ్యాస్ బాగా తక్కువై, ఒత్తిడి చాలనప్పుడు కంప్రెసర్‌ని ఆపే ప్రెషర్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు. అక్కడితో మన పని ఆపేయాలి.

గ్యాస్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో అది చాలా తేలిగ్గా కనబడుతుంది. వాటిలో చాలా అమెరికావి. అక్కడ చిన్న డబ్బాలు షాపుల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. వాటికీ 2018 నుంచి తీసేయగానే తనంతట తానే మూసుకునే వాల్వ్ ఉండాలనే నిబంధన ఉంది.

మొదటి చిక్కు గేజ్‌తోనే. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ వ్యవస్థలో ద్రవం కొంచెం మిగిలి ఉన్నా, ఆపి ఉంచిన కారులో ఒత్తిడి వేడిని బట్టే ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు. 35 డిగ్రీల దగ్గర సుమారు 115 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది, లోపల 250 గ్రాములున్నా అంతే, 450 ఉన్నా అంతే. ఏసీ నడుస్తున్నప్పుడు చూసినా, డబ్బాతో వచ్చే గేజ్ తక్కువ ఒత్తిడి వైపే చూపిస్తుంది. కంప్రెసర్ దాటాక ఒత్తిడి ఎక్కువుండే రెండో వైపు మన ఎండల్లో 250 పీఎస్ఐ దాటడం మామూలే, అది మనకి కనబడనే కనబడదు. చిన్న కార్లలో పట్టేదే నాలుగైదు వందల గ్రాములు. యాభై గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. అందుకే తూచి ఎక్కించాలి.

రెండోది తేమ. ఒకసారి వ్యవస్థ తెరుచుకుంటే గాలి, తడి లోపలికి వెళ్తాయి. ఆ తడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి అడ్డం పడుతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోపలి భాగాల్ని తింటుంది. దీనికోసమే వాక్యూమ్ పెడతారు. గాలి దాదాపు పూర్తిగా లాగేస్తే నీరు 25, 30 డిగ్రీలకే మరిగి ఆవిరై బయటికి పోతుంది. అది ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు, కనీసం అరగంట పట్టాలి.

మూడోది ఒంటికి ప్రమాదం. ఈ గ్యాస్ మామూలు గాలిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్టవుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. డబ్బాని పొరపాటున ఎక్కువ ఒత్తిడి వైపు తగిలిస్తే పేలొచ్చు. కొత్త కార్లలో కొన్నిటికి వాడే ఆర్-1234వైఎఫ్ గ్యాస్‌కి మంట అంటుకునే గుణం కూడా కొంత ఉంది. ఎలక్ట్రిక్ కారైతే అసలు ముట్టుకోకండి. హై వోల్టేజీ ఒక ఎత్తు, దాని కంప్రెసర్ ఆయిల్ వేరు కావడం ఇంకో ఎత్తు.

లీకేజీ దానంతటదే మూసుకుంటుందని చెప్పి అమ్మే డబ్బాలు కూడా వద్దు. అవి వాల్వ్‌లో పేరుకుంటాయి, తర్వాత మెకానిక్ మెషిన్‌ని కూడా పాడుచేస్తాయి.

ఇప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏం అడగాలి? "అన్నా, ముందు లీకేజీ ఎక్కడో చూపించండి, గ్యాస్ మాట తర్వాత" అనండి. నైట్రోజన్ ఎక్కించి గేజ్ సూది దిగుతుందా చూస్తారా, లీక్ డిటెక్టర్ ఉందా అని అడగండి. టైర్లకు కొట్టే గాలితో పరీక్షిస్తానంటే ఒప్పుకోకండి, తడి చేరుతుంది, పైగా ఆ గ్యాస్ ఒత్తిడిలో ఉన్న గాలితో కలిస్తే మండే ప్రమాదం ఉంది. నా కారులో కూలింగ్ కాయిల్ లీకేజీని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన డ్యాష్‌బోర్డ్ విప్పకుండానే పట్టుకున్నారు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. అందుకని కారు కింద నీళ్ళు కారే గొట్టం చివర డిటెక్టర్ పెట్టారు, అది మోగింది. ఆ తర్వాతే డ్యాష్‌బోర్డ్ విప్పారు. కాయిల్, వాల్వ్, తడి పీల్చే డ్రైయర్, గ్యాస్, కూలీ అన్నీ కలిపి 9,000 దాకా అయింది. పూర్తి ఇష్టంతో ఇచ్చాను. ఆ పనితనానికి అది తక్కువే.

పాత గ్యాస్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి గాలిలోకి వదిలేస్తుంటే మాత్రం ఆపండి. ఓజోన్‌ని దెబ్బతీసిన పాత గ్యాస్ ఆర్-12 పోయి ఈ ఆర్-134ఏ వచ్చింది కానీ, భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైంది. ఇలాంటి గ్యాస్‌ల వాడకం తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణకి మన దేశం 2021లో ఆమోదం తెలిపింది. పాత గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా లాగి పట్టే రికవరీ మెషిన్ ఉన్న చోటికే వెళ్ళండి, ఐదారు వందలు ఎక్కువైనా సరే. తీసిన బరువు, ఎక్కించిన బరువు రెండూ బిల్లు మీద రాయించుకోండి.

ముందు ఫ్యాన్, ఫిల్టర్, కండెన్సర్, క్లచ్ చూసి ఏం కనబడిందో ఇక్కడే రాయండి, మోడల్ కూడా చెప్పండి. ఆ లావు పైపు చెమట పడుతోందో లేదో మర్చిపోకుండా రాయండి, అది తెలిస్తే ఆ 2,500 అసలు ఖర్చు పెట్టాలా వద్దా చెప్పగలను.